గోడలోంచి నడిచినవాడు

“నేనే చంపానండీ,” అన్నాడు టైలరు.

నాకు ఒళ్ళు మండింది. ఈయన నిర్దోషి అని రుజువు చెయ్యమని ఈయన భార్యే నన్ను లాయరుగా పెట్టుకుంది. పొద్దున్నే టీ చుక్క కూడా గొంతులో పోసుకోకుండా స్టేషనుకి పరిగెత్తుకొస్తే, ఈ మహానుభావుడు ఒక్క ముక్కతో నా నోట్లో మట్టి కొట్టాడు.

“ఎలా చంపారు?”

“గుంతలోకి తోశానండీ.”

“ఎందుకు?”

“ఎస్టిమేటు దగ్గర మాటా మాటా పెరిగిందండీ.”

పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పాడు. నా మొహం వైపు చూడలేదు. మెళ్ళో వేసుకునే ఇంచి టేపుని పోలీసులు తీసేసుకున్నట్టున్నారు. పాపం, ఆయన చేతులు మాటిమాటికీ మెడ దగ్గరికి వెళ్ళి దాన్ని వెతుక్కుని, దొరక్క కిందికి దిగుతున్నాయి.

జరిగింది ఇదీ. టైలరూ, ఆయన భార్య టీచరమ్మా ఇల్లు కట్టుకుందామని ఊరి చివర స్థలం కొన్నారు. మొన్న సాయంత్రం అక్కడ సున్నంతో ఇంటి గీతలు వేయించారు. నిన్న పొద్దున మేస్త్రీ పనిలోకి వచ్చేసరికి, స్థలం వెనక మట్టి పరీక్ష కోసం తవ్విన గుంతలో, విరిగిపడిన గట్టు కింద ఒక చెయ్యి కనబడింది. ఆ చెయ్యి ప్లాను గీసిన ఇంజినీరుది. గుంతదాకా ఉన్న చెప్పుల ముద్రలు టైలరు చెప్పులకి సరిగ్గా అతికాయి. ఎస్టిమేటు చేతికొచ్చిన రోజు టైలరు ఇంజినీరు మీద అరిచిన అరుపులు వీధంతా విన్నది. ఇంకేం, మా ఇన్‌స్పెక్టరు కేసు తేల్చి చేతులు కడిగేసుకున్నాడు.

“చీకట్లో వెళ్ళారుగా, టార్చి ఉందా?” అన్నాను.

“లేదండీ.”

“గేటు నుంచి గుంతదాకా ఎలా నడిచారు?”

“ఎలా ఏముందండీ, ఖాళీ స్థలమేగా. నేరుగా వెళ్ళాను.”

“మట్టి నమూనాల సంచులు ఏం చేశారు?”

మొదటిసారి తలెత్తాడు. “ఏ సంచులండీ?”

“ఇంజినీరు ఆ గుంతలోంచి తీసి, చిన్న చిన్న సంచుల్లో కట్టి, గుంత పక్కనే పెట్టుకున్న మట్టి. మొన్న సాయంత్రం మేస్త్రీ కళ్ళారా చూశాడు. నిన్న పొద్దునకి ఒక్కటీ లేదు.”

గోడవైపు తిరిగిపోయాడు. “అవన్నీ నాకు తెలీదండీ. నేనే చంపాను. మా ఆవిడకి చెప్పండి, లాయరుకీ గీయరుకీ డబ్బులు తగలెయ్యొద్దని.”

బయటికొస్తే మా బావ ఎదురయ్యాడు. ఇన్‌స్పెక్టరు మా అక్క మొగుడు. ఇంట్లో నేను వండిన కూర రెండోసారి అడిగి మరీ వేయించుకుంటాడు. స్టేషన్లో మాత్రం నన్ను చూస్తే ఆయనకి కడుపు నొప్పి వస్తుంది.

“ఏం మరదలా, విన్నావా పాట? సాయంత్రం కోర్టుకి తీసుకెళ్తున్నా. నువ్వింక ఇంటికెళ్ళి సుబ్బరంగా పడుకో.”

“సంచుల సంగతి ఆయనకి తెలీదు బావా.”

“నటిస్తున్నాడు. నిన్న స్థలానికి తీసుకెళ్తే ఏం చేశాడో తెలుసా? శవం వైపు కన్నెత్తి కూడా చూడలేదు. స్థలం నడిమధ్యలో కొయ్యలా నిలబడి నేలకేసి చూశాడు. ఉన్నట్టుండి కూలబడ్డాడు. లేచాక అన్న మొదటి మాట, నేనే చంపానని. తప్పు చేసినవాడు కాకపోతే అలా ఎందుకు కూలబడతాడు?”

“నేలకేసి ఎందుకు చూశాడు?”

“ఆకాశానికేసి చూడలేక!” అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు చెయ్యి దురద పుట్టింది.

ఆయన జీపు వెనకే నా స్కూటరు మీద స్థలానికి వెళ్ళాను. వెళ్ళేసరికి గేటు దగ్గర ఎర్రమట్టి ట్రాక్టరొకటి వెనక్కి తిరుగుతోంది.

“ఆపు! ఆపవయ్యా!” అని అరిచాను.

డ్రైవరు తల బయటపెట్టాడు. “పెద్దాయన చెప్పారమ్మా. గుంత పూడ్చెయ్యమని డబ్బులు కూడా ఇచ్చేశారు.”

పెద్దాయనంటే టైలరు అన్న. ఈ స్థలం చూపించి, బేరం కుదిర్చి, కొనిపించింది ఆయనే.

“నేనే సరేనన్నాను,” అన్నాడు బావ. “మా కొలతలూ ఫోటోలూ అయిపోయాయి. పిల్లా పీచూ పడితే ఆ పాపం ఎవడిది?”

స్కూటరు తీసుకెళ్ళి గేటుకి అడ్డంగా పెట్టి, తాళం సంచిలో పడేసుకున్నాను. “పూడ్చాలంటే ముందు దీన్ని పూడ్చమను, ఇన్‌స్పెక్టరు గారూ.”

నాకు నిజంగా కోపమొచ్చినప్పుడే ‘గారు’ తగిలిస్తానని బావకి తెలుసు. డ్రైవరుకి చెయ్యి ఊపి ఆగమన్నాడు. పైన మబ్బు పడుతోంది. ట్రాక్టరుని ఆపగలిగాను గానీ వానని ఆపలేను. చినుకు పడితే అడుగులు పోతాయి, అడుగులు పోతే టైలరు మాటే మిగులుతుంది. గబగబా లోపలికి నడిచాను.

ఇంకా ఇల్లు లేదు. తెల్లటి సున్నం గీతలే గోడలు. ముందు తలుపు వచ్చే చోట మాత్రం మేస్త్రీ రెండు రాళ్ళు పాతాడు. గుంత వెనకాల కుడి మూలన ఉంది. గేటు దగ్గర నిలబడి చూస్తే, ఇంటి గీతల పక్కనుంచి గుంతదాకా దారి ఖాళీగా ఉంది. ఎవడైనా అటే పోతాడు.

ఈ చెప్పులు అటు పోలేదు.

“బావా, ఇలా రా. నువ్వు ఫోటోలు తీయించావు గానీ, చూశావా అసలు?”

అడుగులు గేటు నుంచి తిన్నగా ఆ రెండు రాళ్ళ మధ్యకి వచ్చాయి. అక్కణ్ణుంచి హాలు మధ్యదాకా వెళ్ళాయి. అక్కడ మడతపెట్టినట్టు కుడికి తిరిగాయి. హాలు గోడ వచ్చే సున్నం గీతని తొక్కుకుంటూ దాటాయి. దాటిన చోట ఒక వింత కనిపించింది. మనిషి వచ్చిన వైపుకే తిరిగి, రెండు పాదాలూ పక్కపక్కన ఆనించి, ఒక్క క్షణం నిలబడ్డాడు. మళ్ళీ ముందుకి తిరిగి నడిచాడు. కొంచెం వెళ్ళాక ఎడమకి తిరిగి గుంత అంచుదాకా పోయాడు.

“ఇందులో చూడ్డానికేముంది? వెనకాల ఎవడైనా వస్తున్నాడేమోనని చూసుకున్నాడు. దొంగబుద్ధి.”

“సరే. మరి ముందు తలుపులోంచి ఎందుకొచ్చాడు? లేని హాల్లోకి వచ్చి, లేని గోడలోంచి దూరి, మూలమూలకీ తిరుగుతూ గుంతకి పోయేవాణ్ణి నువ్వెక్కడైనా చూశావా? టైలరేమో నేరుగా వెళ్ళానన్నాడు.”

“చీకటి. తడుముకుంటూ పోయుంటాడు.”

“తడుముకుంటూ పోయేవాడి అడుగులు అటూ ఇటూ పోతాయి. వీడి అడుగులు చూడు, సొంతింట్లో నడిచినట్టున్నాయి.”

ఆ మాట అన్నాక నాకే ఏదో తట్టినట్టయింది. కానీ చేతికి చిక్కలేదు. గోడ ఉన్న చోట తలుపున్నట్టు నడిచాడు. ఏ ఇంట్లో నడిచాడు వీడు?

నిచ్చెన వేయించుకుని గుంతలోకి దిగాను. బావ పైనుంచి “పడ్డావంటే మీ అక్క నన్ను బతకనివ్వదు” అంటూనే ఉన్నాడు. పైన మోకాలెత్తు మేర ఎర్రమట్టి, రాయిలా గట్టిగా ఉంది. దాని కింద రంగు మారింది. బూడిద రంగు మట్టి, వేలు పెడితే దిగిపోతోంది. ఇంకా కిందికి తవ్వాను. పాత చెప్పు అట్ట, గాజుపెంకులు, నుజ్జయిన డబ్బా మూత వచ్చాయి. ఆఖరికి నా ఛాతీ ఎత్తు లోతులో, నీలం రంగు ప్లాస్టిక్ కవరు ఒకటి.

దాన్ని పైకెత్తి చూపించాను. “భూదేవి కడుపులో ప్లాస్టిక్ కవర్లు పుడతాయా బావా?”

“చెత్త పడుంటుంది. అయితే ఏంటి?”

“అయితే ఇది నేల కాదు. ఎప్పటిదో గొయ్యి. ఊళ్ళో చెత్తంతా నింపి, పైన ఎర్రమట్టి కప్పి, స్థలమని అమ్మేశారు. దీని మీద ఇల్లు లేపితే గోడలు నిలువునా పగుళ్ళిస్తాయి. గట్టినేల దాకా తవ్వి పునాది వెయ్యాలంటే, వాళ్ళ ఇంటి మొత్తం బడ్జెటు ఈ మట్టిలోనే కలిసిపోతుంది. ఇంజినీరు ఇది చూశాడు. సంచుల్లో కట్టుకున్నాడు. ఎవరికో చెప్పాడు. చచ్చిపోయాడు.”

బావ మొహంలో నవ్వు తగ్గింది. “టైలరుకే చెప్పి ఉంటాడు.”

“టైలరుకి చెబితే ఆయన ఇంజినీరు కాళ్ళకి దణ్ణం పెట్టేవాడు, పునాది పొయ్యకముందే తెలిసింది నాయనా, బతికించావని. సంచులు దాచాల్సిన ఖర్మ ఆయనకేం పట్టింది? ఈ నేల సంగతి టైలరుకి తెలియకూడదనుకున్నవాడే వాటిని మాయం చేశాడు.”

“మరి వాడు నేనే చంపానంటున్నాడుగా, మరదలా!” అన్నాడు బావ, విసుగ్గా. “సాయంత్రం దాకా టైమిస్తా. ఆ తర్వాత నువ్వు జీపుకి అడ్డం పడుకున్నా సరే, కోర్టుకి తీసుకెళ్తా.”

మేస్త్రీ దగ్గరున్న రేకులన్నీ తెచ్చి అడుగుల మీద కప్పాను. ఆఖరి రేకు వేస్తుండగానే చినుకులు మొదలయ్యాయి.

టీచరమ్మ అద్దెకుంటున్న ఇంటికి వెళ్ళేసరికి వాన వెలిసింది. ఆవిడ డాబా మీద ఉంది. ఖాళీ డాబా, ఒక మూల నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఆవిడ ఆ తడి నేలకేసి చూస్తూ పిట్టగోడకి ఆనుకుని నిలబడి ఉంది.

“ఒప్పుకున్నారటగా,” అంది నన్ను చూడగానే. “ఆయన చీమని కూడా ఊదేసి పక్కకి పంపిస్తారు మేడమ్. ఆయన్ని ఇంటికి తీసుకురండి. నాకింకేం వద్దు. ఇల్లూ వద్దు, వాకిలీ వద్దు.”

“తీసుకొస్తాను. మీరు ఏదీ దాచకుండా చెప్పాలి. ఈ ఇంటి కథ మొదట్నుంచీ చెప్పండి.”

“మా ఇల్లు మొదట కట్టింది ఇక్కడే మేడమ్,” అంది డాబాని చూపిస్తూ. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. “ప్లాను కాగితం మీద చూస్తే మాకేం తెలిసేది కాదు. ఆయన టేపు పట్టుకుని, ఇక్కడ సుద్దముక్కతో ఇల్లంతా అసలు కొలతల్లో గీసేశారు. ఆ మెట్లు ఎక్కగానే ముందు తలుపు. ఇది హాలు. ఎడమ పక్క వంటిల్లు. ఆదివారం ఆదివారం ఆయనా, నేనూ, వాళ్ళన్నయ్య మా బావగారూ ఇక్కడే కాపురం చేసేవాళ్ళం. మంచం పడుతుందా, తలుపు తెరుచుకుంటుందా, అన్నీ చూసుకునేవాళ్ళం. ఎవరైనా గోడ గీత తొక్కితే టీ గ్లాసులన్నీ వాళ్ళే కడగాలి. ఎన్ని నెలలో! ఆఖరికి కళ్ళు మూసుకుని కూడా ఈ ఇంట్లో తిరిగేసేవాళ్ళం.”

“కుడి పక్క ఏముండేది?”

“బావగారి గది.” ఆవిడ గొంతు తగ్గిపోయింది. “హాల్లోంచి ఒక తలుపు, పెరట్లోకి ఒక తలుపు. ఆ గదంటే ఆయనకి ప్రాణం. మావారికి కత్తెర పట్టడం నేర్పింది ఆయనే. పెళ్ళీ పెటాకులూ లేవు. ఇప్పటికీ షాపులో పరదా వెనకే పడుకుంటారు. ఈ డాబా మీద కూడా తలుపు కొట్టనిదే ఆ గదిలోకి రానిచ్చేవారు కాదు. సుద్దగీతకి తలుపేంటి బావగారూ అని ఏడిపించేదాన్ని. అందుకే మేం ఎప్పుడూ పెరట్లోకి వంటింట్లోంచే వెళ్ళేవాళ్ళం.”

“స్థలంలో సున్నం గీతల్లో ఆ గది లేదు.”

“లేదు.” పిట్టగోడ మీది తడిని అరచేత్తో తుడిచింది. “ఎస్టిమేటు చూశాక గుండె జారిపోయింది మేడమ్. ఆయన ఇంజినీరు మీద అరిచింది ఆ రోజే. మర్నాడే వెళ్ళి క్షమించమన్నారు. కిటికీలు తగ్గించాం, నేలకి చవక రాయి అనుకున్నాం, గోడలకి రంగులు తర్వాత చూద్దామనుకున్నాం. అయినా తేలలేదు. ఆఖరికి ఆ గది తీసేశాం. బావగారికి ఎలా చెప్పాలో తెలీక రేపు, రేపు అనుకుంటూ గడిపేశాం. ఈ డాబా మీద గీతలు చూడలేక నేనే కడిగేశాను. వానకి పోయాయని బావగారికి అబద్ధం చెప్పాను.”

“కొత్త ప్లాను ఎవరెవరికి తెలుసు?”

“మా ఇద్దరికీ, ఇంజినీరు గారికీ, సున్నం వేసిన మేస్త్రీకీ.”

“ఇల్లు మొత్తం గీసి, ఎస్టిమేటు కూడా వేయించి, అప్పుడా మట్టి పరీక్ష? టైలరై ఉండి చొక్కా కుట్టేసి, ఆ తర్వాత కొలతలు తీశాడా మీ ఆయన?”

“దండగ ఖర్చన్నారండీ బావగారు. పక్క స్థలాల వాళ్ళెవరూ చేయించలేదుగా అన్నారు. పెద్దాయన మాట కదా అని ఊరుకున్నాం. నేల చూడనిదే సంతకం పెట్టనని ఇంజినీరు గారే పట్టుబట్టి గుంత తవ్వించారు.”

ఒక్కటే మిగిలింది. “బావగారి చెప్పులు ఏ సైజు?”

“మావారిదే సైజు. ఎప్పుడు కొన్నా ఇద్దరికీ ఒకే రకం రెండు జతలు తెస్తారు...” అని ఆగిపోయింది. “ఏంటి మేడమ్ మీరనేది?”

“ఇంకా ఏమీ అనలేదు. ఆయన్ని ఇక్కడికి పిలవండి. టీ పెట్టండి. నేను ఏం అడిగినా మీరు మామూలుగా ఉండాలి. మీ ఆయన ఇంటికి రావాలంటే ఇదొక్కటే దారి.”

బావకి ఫోన్ చేశాను. జీపులో టైలరుని ఎక్కించబోతున్నానన్నాడు. ఎక్కించడం తర్వాత, ముందు ఇక్కడికి రా, రాకపోతే అక్కతో మాట్లాడతానన్నాను. గొణుక్కుంటూ వచ్చాడు.

కాసేపటికి పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. భారీ మనిషి. గొంతు మాత్రం మెత్తన. బావని చూడగానే దణ్ణం పెట్టి, “మా తమ్ముణ్ణి ఎప్పుడు వదుల్తారు బాబూ?” అన్నాడు.

నేను మెట్ల దగ్గరే నిలబడి అడిగాను. “గుంత పూడ్చమని ట్రాక్టరు పంపించారట?”

“ఆ పాడు గుంత చూస్తే ఈ అమ్మాయికి ఏడుపొస్తుందని పంపానమ్మా.”

“ఇంజినీరు చచ్చిపోయిన సాయంత్రం మీకు ఫోన్ చేశాడని మా బావ చెప్పాడు.”

“చేశాడు. హద్దురాళ్ళ గురించి అడిగాడు. ఇన్‌స్పెక్టరు గారికి ఆ సంగతి చెప్పేశాగా.”

“ఆ రాత్రి ఎక్కడున్నారు?”

“షాపులోనే. పరదా వెనక పడుకున్నా.”

“సున్నం గీతలు వేశాక ఆ స్థలానికి వెళ్ళారా?”

“నేనటు పోనే లేదు. నిన్నా ఇవాళా కూడా పోలేదు. చావు జరిగిన చోటికి పోబుద్ధి కాలేదమ్మా.”

ఒక్క మాట తడబడలేదు. బావ నా వైపు చూసి, ‘అయిందా?’ అన్నట్టు కనుబొమలెత్తాడు.

“నిలబడి ఏం మాట్లాడతాం,” అన్నాను. “ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకోండి. బావా, ముందు నువ్వు.”

కుర్చీలు ఎదురుగా కుడి మూలన ఉన్నాయి. బావ సణుక్కుంటూ మూలకి అడ్డంగా నడిచి వెళ్ళి, ఒక కుర్చీ ఈడ్చుకుంటూ అడ్డంగానే వచ్చాడు. టీచరమ్మ బావకో టీ గ్లాసు అందించి, ట్రే కింద పెట్టి వెళ్ళింది. తిన్నగా వెళ్ళి, ఎడమకి తిరిగి, వంటింట్లోంచి పెరట్లోకి వచ్చి, పెరడంతా దాటి మూలకి చేరింది. అలా నడిచానని ఆవిడకే తెలీదు. బావ మాత్రం కుర్చీలో ముందుకి వంగాడు.

“మీరు కూడా, పెద్దాయనా.”

ఆయన కదిలాడు. తడి డాబా మీద గీతన్నది లేదు. మెట్ల నుంచి నడిచి, హాలు మధ్యదాకా వెళ్ళి, మడతపెట్టినట్టు కుడికి తిరిగాడు. రెండడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి, మా వైపుకి తిరిగాడు. రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి, ఎడం చెయ్యి చాచి, గాల్లో లేని తలుపుని లాగి మూశాడు. మళ్ళీ ముందుకి తిరిగాడు.

బావ చేతిలో టీ తొణికి ప్యాంటు మీద పడింది. ఆయన తుడుచుకోలేదు.

“అక్కడే ఆగండి,” అన్నాను. “ఇప్పుడేం చేశారు?”

“ఏం చేశాను? కుర్చీ కోసం...”

“తలుపేశారు. మీ గది తలుపు. చీకట్లో టార్చి లేకుండా, గుంతలో పడకుండా వెళ్ళాలంటే, మీ కాళ్ళకి తెలిసిన దారి ఇదొక్కటే. మీ గదిలోంచి పెరట్లోకి, పెరట్లోంచి గుంతకి. ఆ స్థలంలో మీ అడుగులు ఇలాగే వెనక్కి తిరిగి నిలబడ్డాయి. రేకులేసి కాపాడాను, కావాలంటే ఇన్‌స్పెక్టరు గారు చూపిస్తారు.”

“ఏవో అడుగులు చూపించి...”

“మీ తమ్ముడు కూడా చూశాడు.” ఈ మాట చెప్పకుండా ఉంటే బాగుండుననిపించింది. కానీ చెప్పాను. “నిన్న పొద్దున శవాన్ని చూడకుండా ఆ అడుగుల్నే చూశాడు. మీరు తలుపేసిన చోటు చూసి కూలబడ్డాడు. లేచి, నేనే చంపానన్నాడు.”

పెద్దాయన మొహం మారిపోయింది. “ఒప్పుకున్నాడా? వాడా?” బావ వైపు తిరిగాడు. “అనుమానం మీద తీసుకెళ్ళారు, నాలుగు రోజుల్లో వదిలేస్తారనుకున్నానే! పిచ్చి వెధవ... చిన్నప్పుడు సూది గుచ్చుకుంటే గోల గోల చేసేవాడు...”

నిలబడ్డ చోటే కిందికి జారి కూర్చున్నాడు. ఎవరమూ అడగలేదు. ఆయనే మొదలుపెట్టాడు.

“ఫోన్ చేశాడమ్మా ఇంజినీరు. కింద అంతా చెత్తే, పొద్దున్నే మీ తమ్ముడికి చెప్తానన్నాడు. స్థలం చూపించింది మీరు కదా, ముందు మీకు చెప్తున్నానన్నాడు. గుంత దగ్గరున్నానంటే వెళ్ళాను. ఒక్క వారం ఆగు బాబూ అని కాళ్ళావేళ్ళా పడ్డాను. వినలేదు. చెయ్యి విదిలించుకుపోతుంటే తోశాను. గట్టు విరిగి మీద పడింది.”

“అప్పటికి ప్రాణం ఉందా?” అన్నాడు బావ.

“కాసేపు, అన్నా, అన్నా అని పిలిచాడు.” ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు. “సంచులు తీసుకుని వచ్చేశాను.”

టీచరమ్మ కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. “తెలిసే ఆ స్థలం కొనిపించారా బావగారూ?”

“పూడ్చిన చోటని అమ్మినవాళ్ళు చెప్పారమ్మాయ్. గట్టిపడిపోయిందన్నారు, నమ్మాను. కమీషనిచ్చారు. దాన్నే నా వాటా అని మీకిచ్చాను. వేరే నా దగ్గర ఏముంది? పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఒకళ్ళ వరండాలోనో, ఒకళ్ళ పరదా వెనకో పడుకున్నాను. లోపల్నుంచి గడియ పెట్టుకునే తలుపొక్కటి కావాలనిపించింది. ఆ తలుపు కోసమే చేశాను. ఇల్లు ఆగిపోతే అది ఇంక రాదని...”

“ఆ తలుపు లేదు బావగారూ.”

ఆయన తలెత్తాడు.

“మీ గది తీసేశాం.” ఆవిడ ఏడుస్తూనే, ఒక్కో మాటా స్పష్టంగా చెప్పింది. “డబ్బు చాలక తీసేశాం. ఆ సాయంత్రం సున్నం వేసింది మీ గది లేని ఇంటికి. చీకట్లో మీకు కనబడలేదు. వద్దన్నది ఆ ఇంజినీరు గారొక్కరే. హాలు చిన్నది చేసుకోండమ్మా, పెద్దాయన తలుపు మాత్రం తీసెయ్యకండి అని ఎంతో చెప్పారు. మేమే వినలేదు.”

పెద్దాయన తన చుట్టూ తడి నేలకేసి చూసుకున్నాడు. గోడలుండాల్సిన నాలుగు వైపులా చూశాడు. తర్వాత ఎడం చెయ్యి ఇందాకటి చోటికి చాచి, తలుపు పడిందో లేదో చూసుకుంటున్నట్టు గాల్లో తడిమాడు.

టీచరమ్మ నా దగ్గరికొచ్చింది. “ఆయన ఇంటికొస్తారా మేడమ్?” అంది. వస్తారన్నాను. “వచ్చాక నాతో మాట్లాడతారా?” అంది. నేను స్కూటరు తాళం కోసం సంచిలో వెతుక్కున్నాను.

మా బావ లేచాడు. టోపీ సర్దుకుని, ఆ లేని గోడలోంచే నేరుగా నడిచి వెళ్ళి, పెద్దాయన భుజం మీద చెయ్యి వేశాడు.